ఎంత దూరానికి ఎంత టీవీ

“ముప్పై రెండు. అంతకు మించి అంగుళం పెరిగినా ఒప్పుకోను,” అంది దర్జీ ఆవిడ, కుట్టు మిషను తొక్కడం ఆపకుండానే.

“యాభై అయిదు. అంతకు అంగుళం తగ్గినా నాకసలు టీవీయే వద్దు,” అన్నాడు బస్సు డ్రైవరైన ఆమె మొగుడు.

మొన్న రాత్రి పాత టీవీ టప్పుమని కన్నుమూసింది. అప్పట్నుంచీ ఇంట్లో ఇదే రగడ. సాయంత్రంలోగా సైజు చెబితే రేపే తెచ్చి బిగిస్తానన్నాడు షాపువాడు. లేదంటే మళ్లీ సరుకు వచ్చేది వచ్చే నెలే.

డ్రైవరు రెండు సైజుల్లో అట్టలు కోసి, కిటికీకి ఎదురుగా ఉన్న గోడకు అతికించాడు. చిన్న అట్టతో ఇబ్బంది లేదు. పెద్దది మాత్రం ఆమె దారపు రీళ్ల షెల్ఫును సగానికి పైగా మింగేసింది.

“ఈ షెల్ఫు తీసేస్తే నా రీళ్లు నెత్తిన పెట్టుకోనా?”

“రోజంతా బస్సు అద్దంలోంచి అంత లోకాన్ని చూసొస్తానే! ఇంటికొచ్చి అగ్గిపెట్టెలోకి తొంగిచూడమంటావా?”

గుమ్మంలో దగ్గు వినిపించింది. ఎదురు మేడ మీదుండే బాబాయిగారు. సర్వేయరుగా చేసి రిటైరైన మనిషి.

“టీవీ పోయిందిగా! కొత్తదెప్పుడొస్తోంది?” అన్నాడు వస్తూనే.

ఈయనకెవరు చెప్పారబ్బా అనుకుంది ఆమె. కానీ తీర్పు చెప్పే పెద్దమనిషి దొరికాడన్న సంబరంలో ఆ సంగతి మరిచిపోయింది.

“మీరే చెప్పండి బాబాయిగారూ! ఈ ఇరుకు గదికి యాభై అయిదేమిటండీ?”

“గదిని బట్టి కాదమ్మా టీవీ కొనేది. చూసేవాళ్లకీ తెరకీ మధ్య దూరాన్ని బట్టి. దూరం పెరిగేకొద్దీ తెర పెరగాలి. అంతే లెక్క.”

“ఏం దూరమండీ! కాళ్లు చాపితే గోడకి తగులుతాయి.”

ఆయన వినిపించుకోలేదు. ముందు చిన్న అట్టను చూసి పెదవి విరిచాడు. పెద్ద అట్టను చూడ్డానికి గుమ్మం దాటి, మెట్లు దిగి, వీధి అంచున నిలబడి కిటికీలోంచి కళ్లు చికిలించాడు. తిరిగొచ్చి వేళ్ల మీద ఏదో లెక్కేసుకున్నాడు.

“యాభై అయిదు బొటాబొటీగా ఉంటుంది. అరవై అయిదు తీసుకోండి.”

డ్రైవరు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఆమె అగ్గిమీద గుగ్గిలమైంది.

“మరి నా షెల్ఫు?”

“అదెంత పని!” అంటూ ఆయనే స్క్రూడ్రైవరు అందుకున్నాడు. ఊడదీసిన షెల్ఫును డ్రైవరు కిటికీ వైపు మోసుకెళ్తుంటే కంగారుగా అడ్డుపడ్డాడు. “అక్కడొద్దు, అక్కడొద్దు! మిషను పైన గోడకి పెట్టు.”

బిగించాక ఆమె మిషను ముందు కూర్చుని చెయ్యి చాపింది. లేవకుండానే ఎర్ర రీలు చేతికొచ్చింది. నీలం కూడా వచ్చింది. ఇన్నాళ్లూ రంగు మారినప్పుడల్లా లేచి గది దాటి వెళ్లింది తనేనా అనిపించింది. కోపం ఎటు పోయిందో తెలీదు. నవ్వొచ్చేసింది.

“సర్లెండి, అరవై అయిదే కానివ్వండి.”

ఆమె మనసు మారకముందే డ్రైవరు షాపుకి ఫోను కొట్టేశాడు.

“ఈ కర్టెన్ కూడా తీసేయమ్మా. ఎప్పుడూ సగానికి అడ్డం,” అన్నాడు బాబాయిగారు. “నీ కుట్టుపనికి వెలుతురూ వస్తుంది.”

అదీ నిజమే. మన ఇంటి మంచి కోసం ఇంత పాటుపడే పొరుగు ఎందరికుంటుంది అనుకుంటూ, ఆమె సంతోషంగా కర్టెన్ ఊడదీసింది. ఎదురు మేడ బాల్కనీ మొత్తం కనిపించింది. అక్కడ ఇటువైపు తిప్పి వేసిన రెండు కుర్చీలు. ఒకదాంట్లో పిన్నిగారు కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. మొగుణ్ని చూడగానే గొంతెత్తి అరిచింది.

“ఏమండీ! మాటలు కింద అక్షరాల్లో పడే టీవీ తీసుకోమని చెప్పారా లేదా? బొమ్మ ఎంత పెద్దదైనా, వాళ్లేమంటున్నారో ఇక్కడిదాకా వినపడి చావట్లేదు కదా!”