అవతలి జట్టు కోచ్

గురువారం మధ్యాహ్నం దాటింది. కోచ్ ఇంకా పదకొండో నిమిషం దగ్గరే ఉన్నాడు. మ్యాచ్ తొంభై నిమిషాలు.

ఒక పాస్ చూడటం, వీడియో ఆపడం, పద్నాలుగు గడులు నింపడం. బంతి ఎటు పోయింది, ఎంత దూరం, ఏ కాలితో. చూపంతా బంతి మీదే. తీరా నింపాక అనుమానం. మళ్ళీ వెనక్కి. ఒక్కో పాస్‌నీ నాలుగైదుసార్లు వెనక్కి తిప్పితే గానీ అతని మనసు కుదుటపడదు. వీధి తలుపు గడియ కూడా అంతే. రెండుసార్లు చూసుకుని, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి చూసుకుంటాడు.

శనివారం ఇదే జట్టుతో, ఇదే మైదానంలో మళ్ళీ పోటీ. వీడియోలోది రెండు నెలల కిందటి ఆట, గోల్ పడకుండానే ముగిసింది. ఈసారి ఓడితే జట్టు కింది శ్రేణికి, కోచ్ ఇంటికి. క్లబ్బు అధ్యక్షుడు ఆ మాట నవ్వుతూ చెప్పాడు. అందుకే మరీ భయం వేసింది.

"లే అవతలికి," అంది అక్క.

అక్క ముప్పై ఏళ్ళు కోర్టులో సాక్ష్యాలు టైపు కొట్టి రిటైరైంది. ఫుట్‌బాల్లో ఆమెకి తెలిసింది బంతి గుండ్రంగా ఉంటుందని మాత్రమే.

"నీకు ఆట తెలీదుగా అక్కా."

"హత్యలు తెలిసే టైపు కొట్టానా? సాక్షిని ఆగమంటామా, వెనక్కెళ్ళి మళ్ళీ చెప్పమంటామా? వాడి పాటికి వాడు చెప్తూ ఉంటాడు, మన పాటికి మనం కొడుతూ ఉంటాం. ఈ పద్నాలుగు గడుల్లో నువ్వు మళ్ళీ చదివేవి ఎన్నిరా?"

అతను లెక్కపెట్టుకున్నాడు. ఐదు.

మిగతా తొమ్మిదీ ఎగిరిపోయాయి. అక్క మందుల పెట్టెలోంచి ప్లాస్టర్ తీసి, ముక్కలు చేసి, అంకెల మీటల మీద అంటించింది. ముందుకు. వెనక్కి. ఎడమకి. కుడికి. పోయింది. మీట నొక్కగానే నిమిషం దానంతటదే పడేట్టు చేయించుకుంది.

"రెండు జట్లూ ఎక్కించాలా?"

"వాళ్ళది చాలు. మనవాళ్ళ సంగతి నాకు తెలీదా!"

"మనవాళ్ళెవరు ఇందులో?"

అతను ఒంటి మీది జాకెట్‌ని గుండె దగ్గర తట్టి చూపించాడు. పదేళ్ళ నాటి ఆకుపచ్చ జాకెట్. మోచేతుల దగ్గర పల్చబడినా మార్చడు.

"అయితే తెల్లచొక్కాల వాళ్ళన్నమాట నాకు కావాల్సింది. సరే, నువ్వెళ్ళి టీ పెట్టు. నెత్తిమీద నిలబడి గొణిగావంటే చెయ్యి తప్పుతుంది."

వంటగదిలోకి మీటల చప్పుడు రేకుల మీద వానలా వినబడింది. ఆగలేదు. వెనక్కి తిరగలేదు. అతను టీ పెట్టి, అది చల్లారితే మళ్ళీ వేడిచేసి, అది కూడా చల్లారేలోపు అక్క కాగితం తెచ్చి అతని ఒళ్ళో పడేసింది.

"గంటన్నర. మధ్యలో ఒకసారి తుమ్మాను."

అతను చదవడం మొదలుపెట్టాడు. కాసేపటికి పెదవులు కదిలాయి. తర్వాత భుజాలు. తర్వాత కూర్చున్న స్టూలు.

"అక్కా! మూడువందల ఎనభై ఏడు పాసుల్లో రెండువందల పది వెనక్కే!"

"ఐతే?"

"ఐతే ఏంటి! వీళ్ళు గోల్ కొట్టడానికి రాలేదు, తిట్లు తినకుండా ఇంటికి పోవడానికొచ్చారు! ఎడమవైపు నించి ఎన్నిసార్లు పోయారో చూడు. నాలుగు! కొత్త మనిషిని దింపింది ఎప్పుడు? కింద నువ్వే రాశావు, ఎనభై ఆరో నిమిషం! ఇంక దింపడం ఎందుకు, ఫొటో దిగడానికా?"

అంకెల వెనకనుంచి ఒక మనిషి మెల్లగా బయటికొచ్చాడు. కోచ్‌కి అతను బాగా తెలిసిన మనిషిలా అనిపించాడు.

"వాళ్ళ కోచ్ పైకి ఎంత దర్జాగా ఉంటాడనుకున్నావ్! లోపల ఇదా సంగతి? చిన్నప్పుడెప్పుడో పదిమందిలో ఏదో తప్పు చేసి ఉంటాడు. అందరూ నవ్వుంటారు. అంతే, అప్పట్నించి తప్పు చెయ్యకపోవడమే గెలుపనుకుంటున్నాడు. నన్నడిగితే వాడికి కావాల్సింది జట్టు కాదు, వైద్యం."

"ఇలాంటి మనిషిని నేనెక్కడో చూశాన్రా," అంది అక్క.

"కోర్టులో చూసుంటావు."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. అతను అక్క రెండు చేతులూ పట్టుకుని వంటగది చుట్టూ గిర్రున తిప్పాడు. టీ గిన్నె బోర్లా పడింది. ఎవరూ తుడవలేదు.

శుక్రవారం తమ మైదానంలో అతని మాటలు విని ఆటగాళ్ళకీ నవ్వులు అంటుకున్నాయి. "వాళ్ళ ఎడమవైపు కాపలా వద్దు, అటునించి రారు! తెల్లచొక్కా కనబడిందా, మీద పడండి. వెనక్కి ఇచ్చేసి వాళ్ళే పారిపోతారు!" మధ్యాహ్నందాకా అదే సాధన చేయించాడు.

శనివారం పొద్దున వీధి తలుపు గడియ ఒక్కసారే చూసుకున్నాడు. బస్సులో వెనక సీటు నించి పాట మొదలైతే ముందు సీట్లోంచి తనే అందుకున్నాడు.

మైదానం గేటు దగ్గర అవతలి కోచ్ తెల్లగా ఇస్త్రీ చేసిన చొక్కాలో ఎదురొచ్చాడు. మనవాడికి జాలి పొంగుకొచ్చింది. షేక్‌హ్యాండ్‌తో సరిపెట్టలేక కావలించుకున్నాడు.

"మీరు మరీ అంత భయపడకూడదు సార్. పొరపాట్లు ఎవరు చెయ్యరు చెప్పండి?"

ఆయన తెల్లబోయి చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

కుర్రాళ్ళు ఆకుపచ్చ చొక్కాలు తొడుక్కుని బూట్లు బిగించుకుంటున్నారు. అవతలి జట్టు ఇంకా గది దాటి రాలేదు. రిఫరీ ఈల మెళ్ళో వేసుకుంటూ వచ్చి, అటో చూపు ఇటో చూపు చూసి, కోచ్ భుజం తట్టాడు.

"కోచ్ గారూ, రెండు జట్లదీ ఆకుపచ్చే, మైదానం వాళ్ళది కాబట్టి పోయినసారిలాగే మీవాళ్ళనే తెల్లచొక్కాలు వేసుకుని రమ్మనండి."