మిగిలిన వరుస

కోడూరులో ఆ రాత్రి షీబా ఇంట్లో ఒక్కతే ఉంది. తాతయ్య నవారు మంచం మీద కూర్చుని, ఆన్‌లైన్ కోర్సు కోసం తయారుచేసిన కుటుంబం డేటాబేస్‌లోంచి, నెల క్రితం పోయిన ఆయన పేరు తీసెయ్యబోయింది.

కుదరలేదు. ఆయన మీద ఆధారపడినవాళ్లు ఇంకా ఉన్నారని స్క్రీన్ మీద వచ్చింది.

అమ్మ పేరూ తన పేరూ ఆధారపడినవాళ్ల పట్టికలోంచి ముందే తీసేసింది. తెరిచి చూస్తే, తను టైప్ చెయ్యని వరుస ఒకటి మిగిలి ఉంది. పేరు లేదు. అవసరం అన్నచోట ‘రాత్రి అన్నం’ అని ఉంది.

బందరులో నైట్ డ్యూటీలో ఉన్న అమ్మకి ఫోన్ చేసి ఆ వరుస సంగతి చెప్పింది.

“తాతయ్య రోజూ మంచం కింద అన్నం పెట్టేవాడు కదే, పిల్లికనుకున్నాం,” అంది అమ్మ. “నువ్వెప్పుడైనా ఆ పిల్లిని చూశావా?” అని అడిగింది.

షీబా జవాబు చెప్పేలోపే, ఖాళీ పళ్లెం ఒకటి మంచం కిందనుంచి గచ్చు మీద గీసుకుంటూ వచ్చి, ఆమె మడమకి తగిలి ఆగింది.