బొటనవేలికి దారం

రెండు వేల పదిహేను, జూన్ ఎనిమిది. మృగశిర కార్తె.

"మిరుగం నాడు చాపలు తినకుంటె ఎట్ల?" అని షార్జా క్యాంపు గదిలో జలపతి చేపల పులుసు పెట్టాడు. అందరూ కడుపునిండా తిని పడుకున్నారు.

తెల్లారి హన్మండ్లు మంచం దిగబోతే కాలు ఎవరో పట్టి లాగినట్టయింది.

కుడికాలి బొటనవేలికి తెల్లటి దారం. రెండో కొస పక్క మంచంలో ముత్యం మణికట్టుకు చుట్టి ఉంది. ముత్యం ఇంకా ఆదమరిచి నిద్రపోతున్నాడు.

ముత్యం ఆ గదికి కొత్త. సిరిసిల్లలో మరమగ్గాల మీద, వాళ్ల మాటలో సాంచెల మీద, బతికిన మనిషి. వచ్చిన కొత్తలో రాత్రిపూట హన్మండ్లును భుజం పట్టి కుదిపేవాడు. నిద్ర చెడగొడుతున్నాడని హన్మండ్లు తిట్టని తిట్టు లేకుండా తిట్టాక మానేశాడు.

"లెవ్వురా! ఏందిర గిది?"

ముత్యం కళ్లు నులుముకుంటూ లేచాడు. "అన్నా... రోజు నువ్వు లేవకముందే ఇప్పుతుంటి. ఇయ్యాల నిద్రవట్టింది."

"రోజు కడ్తున్నవా! కాలి ఏళ్లకు దారం ఎవలికి కడ్తరో ఎరుక లేదా నీకు? పీనుగకు కడ్తరు. నేను సచ్చిన్నారా?"

"గట్ల గాదన్నా. నీ గురక..."

"గురక వెడ్తె పీనుగను జేస్తవా?"

జలపతి పకపకా నవ్వాడు. "సాంచెలోడు గదనే. ఏడ కొస దొరికితె ఆడ ముడేస్తడు."

హన్మండ్లు నవ్వలేదు. ముత్యం చెంప పగలగొట్టాడు. చేతబడి చేస్తున్నాడని, గదిలోంచి పంపించాలని క్యాంపు బాసు దగ్గర పట్టుబట్టి కూర్చున్నాడు. సాయంత్రానికి ముత్యం పరుపు వేరే క్యాంపుకు పోయింది.

పోతూ పోతూ ముత్యం గుమ్మంలో ఆగాడు. "జలపతన్నా, అన్నను పక్కకు ఒరిగి పండుమను" అన్నాడు. ఆ మాటకూ గదిలో నవ్వారు.

కొన్నాళ్లకు జలపతే వార్త తెచ్చాడు. "నీ సాంచె దోస్తును ఇంటికి తోలిండ్రట. పనికాడ నిలవడే నిద్రవోయిండట."

"రాత్రంత మందిని సతాయిస్తె పగలు నిద్ర రాదా మరి?" అన్నాడు హన్మండ్లు.

ఆ తర్వాత హన్మండ్లుకే పగటి నిద్ర మొదలైంది. లేవగానే తలనొప్పి. ఒకరోజు పనిలో పరంజా మీద తూగి కింద పడబోయాడు. ఒళ్లు బాగుచేసుకుని రమ్మని కంపెనీ సెలవు మీద పంపింది.

కోరుట్ల పక్క ఊళ్లో భార్య సారక్క ఒక్క రాత్రి చూసి హడలిపోయింది. జగిత్యాలలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. రాత్రంతా వైర్లు తగిలించి పరీక్ష చేశారు.

"గురక పెట్టినప్పుడు కాదు, గురక ఆగినప్పుడు భయపడాలి" అన్నాడు డాక్టరు. "గొంతు మూసుకుపోయి నీకు శ్వాస నిలిచిపోతోంది. మాస్కు మిషన్ పెట్టుకుని పడుకోవడం మొదటి దారి."

"ఆడ రూమంతటికి ఒక్కటే ప్లగ్గు సార్. సెల్లు పెట్టుకునేతందుకే కొట్లాట."

"అయితే ఆపరేషన్. ముక్కులో గోడ వంకరగా ఉంది. అది సరిచేస్తే గాలి ఆడుతుంది గానీ, అదొక్కటే చాలదు. టాన్సిల్స్ తీసేసి, కొండనాలుక చుట్టూ వదులైన కండను బిగించి కుట్టాలి. దానికీ లొంగకపోతే దవడ ఎముకలు కోసి ముందుకు జరిపే పెద్ద ఆపరేషన్ ఉంది. నీకు ముక్కు, గొంతు చేస్తే సరిపోవచ్చు. పూర్తిగా పోతుందని మాత్రం మాటివ్వలేను."

"గదే చెయ్యిండ్రి సార్. నేను మళ్ల పోవాలె."

"వచ్చే నెల చేద్దాం. అందాకా వెల్లకిలా పడుకోకు. శ్వాస ఆగినప్పుడల్లా పక్కనున్నవాళ్లు కదిలించాలి. అక్కడ నీ పక్కన పడుకునేవాళ్లు ఎవరూ గమనించలేదా?"

లేదనబోయాడు హన్మండ్లు. బొటనవేలు జివ్వుమంది.

"ఒకడు జూసిండు సార్. నేనే ఎల్లగొట్టిన."

మర్నాడే సిరిసిల్ల బస్సెక్కాడు. అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకున్నాడు. వాకిట్లో ముత్యం భార్య రాజమణి బీడీలు చుడుతోంది.

"ముత్యం లేడా, చెల్లె? షార్జాల ఒక్క రూముల ఉన్నం. నా పేరు హన్మండ్లు."

తిడుతుందనుకున్నాడు. ఆమె చేట పక్కన పెట్టి గబగబా లేచింది.

"హన్మండ్లన్నవా! ఎట్లున్నదే పానం? గా అన్న ఎట్లున్నడో అని ఎప్పుడు గదే రంది ఆయనకు. ఈడ పని దొరుకక భివండి వోయిండు. ఉండు, ఫోన్ కల్పుత."

ఫోన్‌లో సాంచెల మోత.

"ముత్యం... తప్పయింది తమ్మీ."

"ఎవలు? మోతల ఇనవడ్తలేదు. పాళీ దిగినంక జేస్త."

ఫోన్ ఆగిపోయింది. రాజమణి చాయ్ తెచ్చి, ఎదురుగా కూర్చుని, ఆ దారం సంగతి చెప్పింది. హన్మండ్లు చాయ్ తాగలేకపోయాడు.

ఇంటికొచ్చాక, పడుకునే ముందు, హన్మండ్లు తన బొటనవేలికి తానే దారం కట్టుకున్నాడు.

సారక్క గుండెలు బాదుకుంది. "నా మెడల పుస్తె ఉండంగ కాలేలికి దారమేంది! ఇప్పుతవా, లేదా?"

"కట్టుడు నేనే కట్టుకున్న గదా. నువ్వు కొస పట్టుకో. నా గురక ఆగితె గుంజు."

"గీ బుద్ధి ఎవలు జెప్పిన్రు నీకు?"

హన్మండ్లు ఆమె వైపు చూడలేకపోయాడు.

"ముత్యం తమ్ముడు గూడ మునుపు షార్జాలనే ఆయన పక్క మంచంల పండుతుండెనట. గురక వెట్టెటోడట. ఒకనాడు రాత్రి గురక ఆగింది. ఇయ్యాల మంచిగ నిద్రవడ్తదని ముత్యం అటు మర్లి పండిండట... పీనుగ ఇంటికచ్చినంక, తమ్ముని కాలేళ్లకు దారం కట్టింది ఆయనేనట."

సారక్క కొసను మణికట్టుకు చుట్టుకుని, దారం బిగుసుకోకుండా కొంచెం కొంచెం వదులుతూ పోయి, చప్పుడు కాకుండా తలుపు వేసి వచ్చి అతని పక్కన కూర్చుంది.