వంట వంతు

"డ్యూటీ చేసి అలిసినవ్, కూసో తమ్మీ. నేను వండుతా," అంటూ సురేందర్ పెద్దులు చేతిలోంచి కత్తి తీసుకున్నాడు.

ఆరోజు శుక్రవారం. డ్యూటీ లేదు.

గల్ఫ్‌కు పనికొచ్చి, అల్ అమెరాత్‌లోని ఆ రూమ్‌లో ఉంటున్న ముగ్గురు రోజుకొకరు చొప్పున వండాలి. పెద్దులు వచ్చి నెలయింది. అతని వంతు పదిసార్లు వచ్చింది. పదిసార్లూ సురేందరే వండాడు. నిసార్ అహ్మద్ వంతుకు మాత్రం ఒక్కసారీ అడ్డు రాలేదు.

కడప నిసార్ మంచం మీద ఫోన్‌లో అమెరికా బానిసల వీడియో చూస్తున్నాడు.

"రంగు చూసి మనుషులను కొన్నరు. థూ, అదీ ఒక బతుకేనా?" అన్నాడు సురేందర్, ఉల్లిగడ్డ కోస్తూ.

"కొనింది పని కోసం భాయ్. రంగు తరువాత దొరికిన సాకు," అన్నాడు నిసార్.

"కాదు. మొదటిసంది అసహ్యమే."

పెద్దులు అడిగాడు. "నిసార్ భాయ్, ఆ దొరలకు వంట ఎవరు చేసేటోళ్లు?"

"బానిసలే."

"దొరలు తినేటోళ్లా?"

"తినకేం? మూడు పూటలా వాళ్ల చేతి కూడే."

సురేందర్ చేతిలో కత్తి ఆగింది.

పెద్దులుకు తాను వచ్చిన రోజు గుర్తొచ్చింది. "మీ ఇల్లు ఊళ్లెనా, మాలవాడలనా?" అని సురేందర్ అడిగాడు. "వాడల," అన్నాడు తను. మర్నాటి నుంచే ఈ ప్రేమ.

"ఇయ్యాల నేనే వండుత అన్నా," అని పెద్దులు చెయ్యి చాపాడు.

సురేందర్ కత్తి ఇచ్చాడు. చెప్పులు తొడుక్కుంటూ, "నాకు ఆకలైతలేదు," అన్నాడు.

పెద్దులు ముగ్గురికి సరిపడా బియ్యం కడిగాడు.