లేని చోట బొగ్గు టవర్

"పీకేద్దాం," అన్నాడు పావ్లిక్, చేతిలో స్క్రూడ్రైవర్ పట్టుకుని.

వర్జిల్ బొగ్గు టవర్‌కి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"దాని మీద చెయ్యేస్తే ఊరుకోను. చలికాలమంతా కళ్లు పోగొట్టుకుని కట్టాను."

"కట్టమని నిన్నెవరు బతిమాలారయ్యా?"

పావ్లిక్ ఇంటి నేలమాళిగ నిండా బొమ్మ రైలుమార్గం ఉంది. నడుమెత్తు బల్లల మీద కొండలు, వంతెనలు, అరచేతిలో ఇమిడే స్టేషన్లు. పెన్సిల్వేనియా గనుల మధ్య ఒకప్పుడు నిజంగా నడిచిన లైనుకు అది నకలు. శనివారం మధ్యాహ్నాలు ఊళ్లోని ముసలివాళ్లంతా అక్కడ చేరతారు. అసలు రైల్వే రూల్స్ ప్రకారమే ఆ బొమ్మ రైళ్లు నడుపుతారు. ఆట మొదలైతే పేర్లుండవు. డ్రైవర్, గార్డు, కంట్రోలర్, అంతే.

వర్జిల్ కంట్రోలర్. మెట్ల కింద కోట్లు తగిలించుకునే అరలో అతని ఆఫీసు. ఒక కుర్చీ, గోడకు టైమ్‌టేబుల్, పాత నల్ల ఫోను. అక్కణ్ణుంచి రైళ్లు కనబడవు. దారిలో ఆగిన ప్రతి డ్రైవరూ ఫోన్ చేసి అడగాలి, అతను లైన్ క్లియర్ ఇవ్వాలి, అప్పుడే రైలు కదలాలి.

డ్రైవర్లలో క్లెమ్‌ది బొగ్గు రైలు. ఈ చివర బయల్దేరితే ఆ చివరే ఆగేది. మధ్యలో ఆగే పని లేదు, ఎవరికీ ఫోన్ చేసే పని అంతకన్నా లేదు. దర్జాగా పోయేవాడు. సరిగ్గా ఆ దారిలోనే వర్జిల్ ఇంజన్లకు బొగ్గు నింపే టవర్ లేపాడు.

పనితనానికి వంక పెట్టలేం. పుల్లలు చెక్కి స్తంభాలు నిలబెట్టాడు, అట్టతో తొట్టి చేశాడు, నిజం బొగ్గు దంచి అందులో పోశాడు. ఇక ప్రతి ఆవిరి ఇంజనూ దాని కింద ఆగాల్సిందే. బొగ్గు నింపుకుని, ఫోన్ చేసి, లైన్ క్లియర్ అడిగి మరీ కదలాల్సిందే.

అసలు లైన్లో ఆ చోట టవరే లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు. వర్జిల్‌కి ఇంకా బాగా తెలుసు. స్టేషన్‌కి ఒక కిటికీ ఎక్కువ పెట్టాడని పావ్లిక్‌ని పదిమందిలో కడిగేసి, ఆ గోడ ఊడబీకించిన మనిషతను. అలాంటివాడు లేని టవర్ తెచ్చి క్లెమ్ దారిలో పెట్టాడంటే కసి కాక మరేమిటి? అందరూ అదే అనుకున్నారు. ఫోన్లో వాళ్లిద్దరి మాటలూ అలాగే ఉండేవి.

"బొగ్గు నిండింది కంట్రోలర్ గారూ. తమరు కునుకు తీయడం అయితే లైన్ క్లియర్ ఇప్పిస్తారా?"

"నిండిందని నువ్వంటే సరిపోయిందా? నీ మాట నమ్మితే రైళ్లన్నీ ఈపాటికి ఏట్లో ఉండేవి."

"ఫోన్ పట్టుకున్న ప్రతివాడూ పెద్దమనిషే."

"ఇంజను పట్టుకున్నంత మాత్రాన బుర్ర రాదులే. ఆగు."

ఆగమంటే అది ఓ పట్టాన తేలేది కాదు. వెనక రైళ్లన్నీ బారులు తీరేవి. మిగతా డ్రైవర్లు పావ్లిక్ భార్య పంపిన, బంగాళదుంప కూరిన పిరోగీలు తింటూ ఇద్దర్నీ తిట్టుకునేవారు. ఫోన్ పెట్టేశాక మాత్రం వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు. కాఫీ దగ్గర ఎదురుపడితే, పాలు ఇటు జరపమని చెప్పడానికి కూడా పావ్లిక్ కావాలి. పావ్లిక్‌కి విసుగెత్తిపోయింది. అందుకే ఇవాళ ఆట ఆపించి ఈ పంచాయితీ పెట్టాడు.

టవర్ ఉండాలన్నవాళ్లు చేతులెత్తండన్నాడు. మొదటి చెయ్యి వర్జిల్‌దే. పనితనం చూసి ముచ్చటపడినవాళ్లు మరికొందరు ఎత్తారు. వద్దన్నవాళ్ల లెక్కా అంతే వచ్చింది. మిగిలింది క్లెమ్ ఒక్కడే.

ఇంకేముంది, టవర్ పోయినట్టే అనుకున్నాడు వర్జిల్. వచ్చే శనివారం ఆ అరలో ఎలా కూర్చోవాలో తలుచుకుంటేనే దిగులు ముంచుకొచ్చింది.

క్లెమ్ తాపీగా టవర్ దగ్గరికి వచ్చాడు. వంగి చూశాడు. గోటితో ఓ స్తంభాన్ని కదిపాడు. వర్జిల్‌తో కాదు, పావ్లిక్‌తో అన్నాడు.

"ఉండనీ. పీకేస్తే దొరగారు తప్పించుకుంటారు. ఉంటేనే అతని చేతగానితనం వారం వారం బయటపడుతుంది. తొట్టి పగులిచ్చింది, జిగురు పెట్టుకోమను."

"మీ ఇద్దరి పగలకి మా శనివారాలు గంగలో కలిపారు కదయ్యా," అని పావ్లిక్ స్క్రూడ్రైవర్‌ని పెట్టెలోకి విసిరేశాడు.

వర్జిల్ అరలోకి పోయి తలుపేసుకున్నాడు. ఆట మళ్లీ మొదలైంది. కాసేపటికి ఫోన్ మోగింది. రెండో గంట కొట్టనివ్వలేదు, ఎత్తేశాడు.

"బొగ్గు నిండింది. లైన్ క్లియర్ ఇస్తావా, ఇక్కడే పాతిపెడతావా?"

"ఆగు. ఎదురు పాసింజర్ వస్తోంది."

ఆ వేళకు ఆ లైన్లో పాసింజరే లేదు. క్లెమ్ జేబులోనూ టైమ్‌టేబుల్ ఉంది. అయినా అతను ఫోన్ పెట్టలేదు.

"నీ పాసింజర్ ఎప్పుడు టైముకొచ్చింది గనక!" అంటూ తిట్లు లంకించుకున్నాడు.

తల్లిని పూడ్చిన రోజు శ్మశానం గేటు దగ్గర మాటా మాటా అనుకుని చెరో దారినా పోయిన ఆ అన్నదమ్ములు, ఈ టవర్ లేచేదాకా ఏళ్ల తరబడి ఒకరితో ఒకరు ఒక్క ముక్క మాట్లాడుకోలేదు.