ఉప్పు సుంకం

మా వ్యాన్లకు డ్రైవర్లు లేరు, వాటంతటవే నడుస్తాయి. అడవి జంతువు అడ్డొస్తే, అది తప్పుకునేదాకా కదలవు. ఆ ఆలస్యాన్ని కూడా ఖర్చులోనే వేసుకునేవాణ్ణి. కానీ ఆ రోజు లంబసింగి ఘాట్‌లో, మబ్బు మధ్య, అడవిదున్నల మంద రోడ్డు నాకుతూ నిలబడిపోయింది. వెనక పెట్టెల్లో స్ట్రాబెర్రీలు. సాయంత్రానికి మార్కెట్‌కి చేరకపోతే, పండించిన రైతు సుకిరి వాళ్ల ఊరి కష్టమంతా మట్టిపాలే.

"పాచి పట్టకుండా రోడ్డు మీద ఉప్పునీళ్లు చల్లుతున్నారు కదా, ఇవెందుకు కదులుతాయి?" అంది నా పక్కన కూర్చున్న సుకిరి. "మా తాతలు ఈ దారినే ఉప్పు మోసేవారు సావుకారూ. అదిగో, ఆ కింది బండ మీద వీటికి గుప్పెడు పోసి కదిలేవారు. ఇప్పుడు ఉప్పు డ్రోన్లలో వస్తోంది. పోసేదెవరు?"

"డ్రోన్ల పుణ్యమా అని అమ్ముడుపోని ఉప్పు బస్తా ఒకటి వెనకే ఉంది," అన్నాను.

"మరింకేం, బేరం ఎదురుగానే నిలబడింది!"

నవ్వొచ్చింది. ఇద్దరం బస్తా మోసుకెళ్లి బండ మీద గుమ్మరించి వచ్చాం. ముందు ముసలి దున్న దిగింది, దాని వెనకే దూడలతో సహా మందంతా. వ్యాన్ దానంతటదే కదిలింది.

"ఇకనుంచి ప్రతి ట్రిప్పుకీ ఒక బస్తా ఎక్కిస్తాను," అన్నాను.

ఇన్నేళ్ల వ్యాపారంలో ఎన్నో సుంకాలు కట్టాను. పుచ్చుకున్నవాళ్లు మారుమాట లేకుండా దారి వదిలింది దీనికే.