గంట కొట్టే కణం

“ఒంట్లో అంత సైన్యం ఉందంటారు కదా డాక్టరమ్మా, మరి మామూలు దగ్గు నన్ను మంచాన పడేసిందేంటి?”

అతను అగ్నిమాపక కేంద్రంలో ఫోన్లెత్తే ఉద్యోగి. హెచ్‌ఐవీ అని తేలి నెలైంది.

డాక్టరు రిపోర్టు అతని వైపు తిప్పింది. “మీ స్టేషన్ భాషలోనే చెప్తాను. ఇంజన్లున్నాయి, మనుషులున్నారు. కబురందుకుని గంట కొట్టేవాళ్లనే ఈ వైరస్ ముందు పట్టుకుంటుంది. రక్తంలోని సీడీ4 కణాలంటే వాళ్లే.”

“మిగతావాళ్లు?”

“చాలామంది ఉంటారు. పిలుపు అందక ఊరికే కూర్చుంటారు.”

“అంటే నా ఉద్యోగానికే ఎసరు పెట్టిందన్నమాట!”

డాక్టరు నవ్వింది. “రోజూ మాత్ర వేసుకుంటే వాళ్లు మళ్లీ పెరుగుతారు. ఇంట్లో ఎవరు చూసుకుంటున్నారు?”

“ఎవరికీ చెప్పలేదండీ. అక్క ఫోన్ చేస్తూనే ఉంది. నేనే ఎత్తట్లేదు.”

ఎవరింట్లో పొగ లేచినా రెండో మోతకే ఫోనెత్తే మనిషి అతను.

ఆస్పత్రి వరండాలో ఖాళీ బెంచీ మీద కూర్చుని నంబరు నొక్కాడు.

“ఏరా, ఇన్నాళ్లకు గుర్తొచ్చానా? నీతో మాట్లాడను పో!” అంది అక్క, ఫోన్ పెట్టెయ్యకుండా.

“మాట్లాడొద్దులే. ఒంట్లో బాగోలేదక్కా. ఒక్కసారి ఇంటికి రా.”

అవతల తాళాల గుత్తి చప్పుడైంది.

“తలుపు తీసి ఉంచు,” అంది అక్క.